హైదరాబాద్ ఏటా 5 సెం.మీ. కదులుతోంది.. ఒకప్పుడు ఆ స్పీడ్ మూడు రెట్లు! సముద్రం అడుగున దాగిన లెక్క ఇదే

హైదరాబాద్ కదులుతోంది. మీరు నిద్రపోతున్నా, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినా.. నగరంతో పాటు దేశం మొత్తం ఈశాన్య దిశగా ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రాంగణంలో ఉన్న జీపీఎస్ స్టేషన్ కొలతల్లో ఈ కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే.. దాదాపు 6 కోట్ల ఏళ్ల క్రితం మన భూభాగం ఏడాదికి 15 సెం.మీ.కు పైగా వేగంతో ఉత్తరానికి పరుగెత్తింది. అప్పట్లో జీపీఎస్ లేదు. కొలవడానికి మనిషే లేడు. మరి ఆ స్పీడ్ ఎలా తెలిసింది? సమాధానం సముద్రం అడుగున ఉంది.

కొత్త నేల పుట్టేది ఇక్కడే..

మహాసముద్రాల అడుగున వేల కిలోమీటర్ల పొడవున పర్వత శ్రేణులు ఉన్నాయి. వీటినే రిడ్జ్‌లు అంటారు. ఇక్కడ రెండు భూఫలకాలు, అంటే టెక్టోనిక్ ప్లేట్లు ఒకదానికొకటి దూరంగా జరుగుతుంటాయి. ఆ సందులోంచి మాగ్మా పైకి వచ్చి, చల్లబడి, బసాల్ట్ రాయిగా గట్టిపడుతుంది. తర్వాత వచ్చే మాగ్మాకు చోటిస్తూ పాత రాయి రెండు వైపులా జరిగిపోతుంది.

అందుకే రిడ్జ్ దగ్గర నేల వయసు దాదాపు సున్నా. దూరం వెళ్లేకొద్దీ వయసు పెరుగుతుంది. దూరం తెలిసి, వయసు కూడా తెలిస్తే స్పీడ్ చెప్పేయొచ్చు. బస్సు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటల్లో వెళ్లిందో తెలిస్తే వేగం చెప్పినట్టే.

లెక్క ఇలా వేస్తారు

ఉదాహరణకు రిడ్జ్ నుంచి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయి వయసు 50 లక్షల ఏళ్లు అనుకుందాం. 100 కిలోమీటర్లంటే కోటి సెంటీమీటర్లు. కోటిని 50 లక్షలతో భాగిస్తే ఏడాదికి 2 సెం.మీ.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇది ఒక వైపు లెక్క మాత్రమే. రెండో వైపు నేల కూడా అదే వేగంతో జరుగుతుంటే.. రెండు ప్లేట్లు విడిపోతున్న అసలు వేగం ఏడాదికి 4 సెం.మీ. అవుతుంది.

మరి రాయి వయసు ఎలా తెలుస్తుంది?

భూమి అయస్కాంత క్షేత్రం అప్పుడప్పుడు తలకిందులవుతుంది. అంటే ఉత్తరం, దక్షిణం తారుమారు అవుతాయి. చివరిసారి ఇలా జరిగింది సుమారు 7.8 లక్షల ఏళ్ల క్రితం. మాగ్మా చల్లబడేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆ సమయానికి ఉన్న అయస్కాంత దిశను తమలో భద్రపరుచుకుంటాయి. ఫలితంగా రిడ్జ్‌కు రెండు వైపులా, అద్దంలో ప్రతిబింబంలా ఒకేరకమైన అయస్కాంత చారలు ఏర్పడతాయి.

ఏ చార ఎప్పటిదో తెలియాలంటే తేదీలు కావాలి. అవి నేల మీద దొరికాయి. లావా రాళ్ల వయసును పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో లెక్కగట్టి, అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో శాస్త్రవేత్తలు క్యాలెండర్ తయారు చేశారు. ఇప్పుడు 7.8 లక్షల ఏళ్ల నాటి మార్పు గుర్తు రిడ్జ్‌కు 15.6 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తే.. ఒక వైపు వేగం ఏడాదికి 2 సెం.మీ. అన్నమాట.

ఈ ఆలోచనకు ఆధారం దొరికింది మన హిందూ మహాసముద్రంలోనే. అరేబియా సముద్రానికి దక్షిణాన ఉన్న కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద 1962లో బ్రిటన్ నౌక హెచ్‌ఎంఎస్ ఓవెన్ సర్వే చేసింది. ఆ వివరాలను పరిశీలించిన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఫ్రెడరిక్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ 1963లో నేచర్ పత్రికలో ఈ సిద్ధాంతాన్ని ప్రచురించారు. కెనడాకు చెందిన లారెన్స్ మోర్లీ కూడా విడిగా ఇదే ఆలోచనకు వచ్చారు.

తర్వాత గ్లోమర్ ఛాలెంజర్ అనే డ్రిల్లింగ్ నౌక 1968లో దక్షిణ అట్లాంటిక్‌లో సముద్రం అడుగున తవ్వకాలు మొదలుపెట్టింది. రిడ్జ్‌కు దూరమయ్యేకొద్దీ, రాతిపై పేరుకున్న మట్టిపొరల్లో అట్టడుగు పొర వయసు క్రమంగా పెరుగుతూ కనిపించింది. అక్కడ తేలిన వేగం ఒక వైపు ఏడాదికి దాదాపు 2 సెం.మీ. చారలు చెప్పిన లెక్క నిజమేనని రుజువైంది.

మన స్పీడ్ ఎందుకు తగ్గింది?

వేగంగా విస్తరించిన కాలంలో ఏర్పడిన చారలు వెడల్పుగా ఉంటాయి. నెమ్మదించిన కాలంలోనివి ఇరుకుగా ఉంటాయి. హిందూ మహాసముద్రం అడుగున 6 కోట్ల ఏళ్ల నాటి చారలు బాగా వెడల్పు. సుమారు 5 కోట్ల ఏళ్ల నుంచి అవి ఇరుకవుతూ వచ్చాయి. భారత భూభాగం ఆసియాను ఢీకొట్టడం మొదలైంది కూడా ఆ సమయంలోనే. హిమాలయాలు పైకి లేచింది ఆ ఢీ వల్లే. అంటే మన స్పీడ్‌కు బ్రేక్ పడిన సంగతి సముద్రం అడుగున రికార్డై ఉంది.

అయితే ఈ రికార్డు మరీ పాత కాలానికి వెళ్లదు. మహాసముద్రాల్లో ఇప్పుడున్న నేల చాలావరకు 18 కోట్ల ఏళ్ల లోపుదే. అంతకంటే పాతది తిరిగి భూమి లోపలికి జారిపోయింది.

ఇది తెలిస్తే మనకేంటి?

వేగం తగ్గినా కదలిక ఆగలేదు. ఏటా జరిగే ఆ 5 సెం.మీ.లో దాదాపు 2 సెం.మీ. నేపాల్ దగ్గర హిమాలయాల కింద ఒత్తిడిగా పేరుకుంటోంది. వందేళ్లకు 2 మీటర్లు. అక్కడి రాళ్లు అంత ఒత్తిడిని ఎప్పటికీ ఆపలేవు. ఏదో ఒక రోజు ఒక్కసారిగా జారతాయి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో జరిగింది అదే. దాదాపు 9 వేల మంది ప్రాణాలు పోయాయి.

తర్వాతి భూకంపం ఏ రోజు వస్తుందో ఈ లెక్కలు చెప్పలేవు. కానీ ఎంత ఒత్తిడి చేరుతోందో చెప్పగలవు. అక్కడ ఇళ్లు, వంతెనలు, డ్యామ్‌లు ఎంత గట్టిగా కట్టాలో తేల్చడానికి ఆ లెక్కే ఆధారం.