నత్తకు కొత్త ప్రాణం!

తెర లేదు. కీబోర్డు లేదు. లోపల ఫ్యాను కూడా లేదు. అరచేతిలో ఇమిడిపోయే ఓ చిన్న డబ్బా, ముందు నాలుగు బుల్లి దీపాలు, వెనక రెండు యూఎస్‌బీ పోర్టులు... అంతే! హార్డ్‌డిస్కు తగిలిస్తే అందులోని ఫైళ్లను ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ అందించడమే దాని పని. 2004లో లింక్‌సిస్ కంపెనీ దాన్ని వంద డాలర్ల లోపు ధరకు అమ్మకానికి పెట్టింది. అంతకుమించి ఆ డబ్బాతో ఏదో చేయొచ్చని చెప్పనూ లేదు. కొన్నవాళ్లు మాత్రం ఊరుకోలేదు!

దాని పేరు ఎన్ఎస్ఎల్‌యూ2. నోరు తిరగని ఆ పేరును అభిమానులు 'స్లగ్' అని కుదించేశారు. అంటే గుల్లలేని నత్త. పేరుకు తగ్గట్టే దానిది నత్తనడక. అందులోని ఇంటెల్ ప్రాసెసర్ 266 మెగాహెర్ట్‌జ్ వేగంతో పనిచేయగలదు. తొలినాళ్ల డబ్బాల్లో దాన్ని సగానికి తగ్గించి పెట్టారు. సర్క్యూట్ బోర్డు మీద ఆవగింజంత రెసిస్టర్ ఒకదాన్ని పీకేస్తే చాలు, వేగం రెట్టింపు! ఇక మెమరీ 32 ఎంబీ. కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీ 8 ఎంబీ... రెండు మూడు ఎంపీ3 పాటలకు సరిపోయేంత. ఇంత ఇరుకింట్లోకి ఓ పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ కాపురానికి రావడమెలా?

తాళంచెవి లోపలే!

నిజానికి లింక్‌సిస్ ఆ డబ్బాలో పెట్టింది కూడా లైనక్సే. దాని జీపీఎల్ లైసెన్సుకో షరతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ని వస్తువులో పెట్టి అమ్మేవాళ్లు దాని సోర్సుకోడ్‌నీ అందుబాటులో ఉంచాలి. లింక్‌సిస్ ఆ కోడ్‌ను బయటపెట్టగానే ఔత్సాహికులు రంగంలోకి దిగారు. ముందు 'అన్‌స్లంగ్' వచ్చింది. అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఉంచుతూనే కొత్త ప్రోగ్రాములకు చోటిచ్చింది. తర్వాత, పాతదాన్ని పూర్తిగా తీసేసి కూర్చునే 'ఓపెన్‌స్లగ్' తయారైంది. అయితే అసలు లక్ష్యం వేరే ఉంది. అది డెబియన్. వేల ప్యాకేజీలు సిద్ధంగా ఉన్న పూర్తిస్థాయి వ్యవస్థ. 2003 నుంచి 2005 దాకా డెబియన్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన మార్టిన్ మిక్ల్‌మయర్ ఈ పనిలో ముందు నిలిచారు.

తల ముందా, తోక ముందా?

మొదటి చిక్కు అంకెల దగ్గరే వచ్చింది. ఒకే తేదీని కొందరు రోజుతో మొదలుపెట్టి రాస్తారు, కొందరు సంవత్సరంతో మొదలుపెడతారు. కంప్యూటర్లూ అంతే. పెద్ద సంఖ్యను మెమరీలో దాచేటప్పుడు ఏ బైటు ముందుండాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. లింక్‌సిస్ సాఫ్ట్‌వేర్‌ది ఒక వరస, ఏఆర్ఎం ప్రాసెసర్లకు డెబియన్ తయారుచేసిన ప్యాకేజీలది మరో వరస! అదృష్టవశాత్తూ ఆ ప్రాసెసర్‌కు రెండూ వచ్చు. అందుకే కెర్నెల్‌కు ముందు చిన్న సూచనల తునకను అతికించారు. అది వరస మార్చాకే కెర్నెల్ మొదలవుతుంది.

చోటు సమస్యకూ ఉపాయం దొరికింది. కెర్నెల్, దాన్ని లేపడానికి అవసరమైన కాస్త సరంజామా మాత్రమే ఫ్లాష్‌లో ఉంటాయి. మిగతాదంతా యూఎస్‌బీ డిస్కులోనే.

తెరే లేని డబ్బాలో ఇన్‌స్టలేషన్ ఎలా అంటారా? వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లడమే. పాత సెట్టింగుల్లోని నెట్‌వర్క్ చిరునామాను ఇన్‌స్టాలరే చదువుకుంటుంది. తర్వాత గంటల తరబడి ఓపిక పట్టాలి. పొరపాటు జరిగితే? ఫ్లాష్‌లో 'రెడ్‌బూట్' అనే చిన్న ప్రోగ్రాము చెక్కుచెదరకుండా ఉంటే చాలు... డబ్బాను మళ్లీ బతికించుకోవచ్చు.

వాకిట్లోనే తగాదా

అసలు పరీక్ష అక్కడే ఎదురైంది. ఆ డబ్బాకున్న ఏకైక వాకిలి నెట్‌వర్క్. అది తెరుచుకోవాలంటే ఇంటెల్ సొంత మైక్రోకోడ్ కావాలి. దాని లైసెన్సేమో డెబియన్ నియమాలకు పడదు. నియమం పాటిస్తే ఇన్‌స్టాలర్ ఉన్నా లోపలికి దారి ఉండదు. నియమం సడలిస్తే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్న మాటకే మచ్చ. చివరికి మధ్యేమార్గం పట్టారు. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0లో స్లగ్‌కు అధికారికంగా చోటు దక్కింది. మైక్రోకోడ్ కలిపిన ఇన్‌స్టాలర్ మాత్రం అనధికారికంగా బయట దొరికేది. ఇలాంటి తగాదా డెబియన్‌లో చాలా ఏళ్లు నలిగింది. 2022లో ఓటింగు జరిగాక, 2023 నాటి డెబియన్ 12 నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌నూ అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేరుస్తున్నారు.

ఎవరి సొత్తు?

ఫైళ్ల డబ్బా కాస్తా వెబ్ సర్వరైంది, ప్రింట్ సర్వరైంది, పాటలు వినిపించే పెట్టె అయింది. రాత్రింబవళ్లు నడిచినా కరెంటు ఖర్చు స్వల్పం. దాని అడాప్టర్ సామర్థ్యమే 10 వాట్లు మరి!

2008లో లింక్‌సిస్ స్లగ్ తయారీ ఆపేసింది. మామూలుగా అయితే అక్కడితో దాని కథ కంచికే. కానీ 2013లో విడుదలైన డెబియన్ 7 కూడా దాని మీద నడిచింది. 2015లో వచ్చిన డెబియన్ 8 నుంచే స్లగ్‌ను పక్కన పెట్టారు. 32 ఎంబీలో కొత్త సాఫ్ట్‌వేర్ ఇమడటం అప్పటికే గగనమైపోయింది.

కంపెనీ వదిలేసిన వస్తువు చెత్తబుట్టకు పోవాలా, కొన్నవాడి ఇంట్లో ఇంకొన్నాళ్లు పనికిరావాలా? ఆ నిర్ణయం కొన్నవాడిదే కావాలంటే కోడ్ అతని చేతికి అందాలి. స్లగ్ విషయంలో అదే జరిగింది. నడిచింది నత్తనడకే... కంపెనీ ఆగినచోట మాత్రం ఆగలేదు!