బల్లపరుపు బొమ్మ మీద పరుగుపందెం

ప్లాట్‌ఫారం చివర నిలబడి రైలు పట్టాలను గమనించారా? దూరం పోయేకొద్దీ అవి దగ్గరవుతున్నట్లు కనబడతాయి. 1990లో జపానులో నింటెండో సంస్థ విడుదల చేసిన ‘ఎఫ్-జీరో’ అనే వీడియో ఆటకు ఈ భ్రాంతే ఆధారం. కథ జరిగేది 2560వ సంవత్సరంలో. వాహనాలు నేలను తాకకుండా గాలిలో తేలుతూ దూసుకుపోతాయి.

నిజానికి అక్కడ రోడ్డు లేదు! ఉన్నది పైనుంచి చూసినట్లు గీసిన చదునైన పటం మాత్రమే. టీవీ తెర మీది బొమ్మ అడ్డగీతలతో ఏర్పడుతుంది కదా. యంత్రం ఒక్కొక్క గీతకు పటాన్ని ఒక్కొక్క కొలతలో చూపుతుంది. అడుగు గీతల్లో పెద్దదిగా, పైకి పోయేకొద్దీ చిన్నదిగా. మలుపు దగ్గర మన వాహనం కాస్త ఒరిగినట్లుంటుంది గాని, తిరిగేది కిందనున్న పటమే. ఇదంతా సెకనుకు 60 సార్లు! ఘనాకారాలను అంత వేగంగా లెక్కకట్టే శక్తి ఆనాటి ఆ యంత్రానికి లేదు. అందుకే ఈ ఉపాయం.

నమ్మకం కలగలేదా? 2019 నుంచి ఈ పాత ఆట నింటెండో స్విచ్ మీద కూడా వచ్చింది. అవకాశముంటే ఆడి చూడండి. మొత్తం 15 బాటల్లో ఒక్క కొండ ఎక్కుడైనా కనబడుతుందేమో వెతకండి. నేనూ అలాగే వెతుకుతూ, మొదటి మలుపులోనే అంచుకు గుద్దుకొన్నాను.