యురేనస్‌కు నౌక: ఇప్పుడు నాటితే పిల్లల కాలానికి పంట

ఆత్మకూరు: నల్లమల అంచు పల్లెల్లో చీకటి రాత్రి తలెత్తితే గురుడు, శని తేలిగ్గా కంటికి ఆనుతాయి. యురేనస్ మాత్రం ఎంత చూపున్నవారికైనా ఆనీ ఆననట్టే. ఈ మంచు గ్రహం చుట్టూ తిరిగేందుకు మనుషులు లేని నౌకను పంపాలని అమెరికా శాస్త్రజ్ఞులు 2022లో నాసాకు గట్టిగా సిఫారసు చేశారు.

ఈ గ్రహంతో మనవారికీ సంబంధం ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వస్తున్న వేళ, దాని వెలుగు తటాలున తగ్గడాన్ని తమిళనాడులోని కావలూరు వేధశాల వారూ పట్టుకున్నారు. ఆ గ్రహానికి వలయాలున్నాయని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ వేధశాలను నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదులో పెరిగినవారు.

1986 జనవరి 24న వాయేజర్-2 నౌక యురేనస్ పక్కగా దూసుకుపోయింది. మళ్లీ ఏ నౌకా అక్కడికి పోలేదు. అసలు చిక్కు దూరమే. సూర్యుడి నుంచి 290 కోట్ల కిలోమీటర్లు. ఇక్కడ పాలు పితికే వేళ పంపిన ఆజ్ఞ, కాడెద్దులు పొలం చేరాక గానీ అక్కడికి అందదు. సుమారు రెండు గంటల నలభై నిమిషాలు! అందుకే గ్రహం దగ్గర వేగం తగ్గించుకునే పని నౌక తనంతట తానే చేసుకోవాలి. మనకందే ఎండలో 370వ వంతు కూడా సరిగా దక్కని చోట సౌరపలకలు పనికిరావు. ప్లుటోనియం వేడితోనే కరెంటు పుట్టించాలి. ఆ లోహం తయారీ మహా నెమ్మది.

2031, 32లో బయలుదేరితే గురుడి ఆకర్షణ సాయపడుతుందని సిఫారసులో ఉంది. అలా వెళ్లినా ప్రయాణం పన్నెండు, పదమూడేళ్లు. నేడు ఆరో తరగతి చదివే పిల్లలే అప్పటికి ఆ ఫొటోలను పరిశీలించే వయసుకు వస్తారు.