కారు స్టీరింగ్ ట్యూనింగ్‌కి ‘పరిణామం’ ఫార్ములా.. జెనెటిక్ అల్గారిథమ్ ఎలా పనిచేస్తుందంటే!

డ్రోన్ గాల్లో ఊగకుండా నిలబడుతోందంటే చాలాసార్లు దాని వెనక పీఐడీ అనే కంట్రోలర్ ఉంటుంది. బొమ్మ కారుని లేన్ మధ్యలో నడపడానికి కూడా ఇదే వాడొచ్చు. ఇది మూడు విషయాలు చూస్తుంది. లైన్ నుంచి ఇప్పుడు ఎంత పక్కకి జరిగాం (పీ), ఇప్పటిదాకా ఎంత తేడా పేరుకుంది (ఐ), ఆ తేడా ఎంత స్పీడ్‌గా మారుతోంది (డీ).

ఈ మూడింటికీ ఎంతెంత వెయిట్ ఇవ్వాలన్నదే అసలు తలనొప్పి. పీ మరీ ఎక్కువైతే కారు పాములా మెలికలు తిరుగుతుంది. తక్కువైతే మలుపులో రోడ్డు దిగిపోతుంది. ఒక్కోదానికి 100 విలువలు అనుకున్నా మొత్తం 10 లక్షల కాంబినేషన్లు! సిమ్యులేటర్‌లో ఒక్కో టెస్ట్‌కి 10 సెకన్లు అనుకుంటే, అన్నీ చూడటానికి 115 రోజులు పైనే పడుతుంది.

ఇక్కడే జెనెటిక్ అల్గారిథమ్ ఎంట్రీ ఇస్తుంది. ఈ ఐడియాకి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు జాన్ హాలండ్. దీనిపై ఆయన పుస్తకం 1975లో వచ్చింది. పద్ధతి సింపుల్:

1. ర్యాండమ్ నంబర్లతో 50 కార్లని సిమ్యులేటర్‌లో వదలండి.
2. ఎంత బాగా నడిచిందో చూసి ఒక్కోదానికి స్కోర్ ఇవ్వండి.
3. మంచి స్కోర్ వచ్చిన కార్ల నంబర్లని కలిపి కొత్త తరాన్ని తయారు చేయండి.
4. కొన్ని నంబర్లని కొద్దిగా మార్చండి. ఇదే మ్యుటేషన్.

ఇలా 40 తరాలు నడిపినా 2,000 టెస్టులే. అంటే సుమారు అయిదున్నర గంటలు. అన్నిటికన్నా బెస్ట్ సెట్టింగే దొరుకుతుందన్న గ్యారెంటీ లేదు కానీ, పనికొచ్చేది దొరికే ఛాన్స్ ఎక్కువ.

అయితే నా దృష్టిలో అసలు ఇంజనీరింగ్ అంతా రెండో స్టెప్‌లోనే ఉంది. స్పీడ్ కూడా దానికే వదిలేసి, ‘లైన్‌కి దగ్గరగా ఉంటే చాలు’ అని స్కోర్ పెట్టారనుకోండి. స్టార్టింగ్ పాయింట్‌లో కదలకుండా నిలబడ్డ కారుకే ఫుల్ మార్కులు! అల్గారిథమ్‌కి డ్రైవింగ్ తెలీదు, స్కోర్ మాత్రమే తెలుసు. అందుకే వెళ్లిన దూరానికి మార్కులు కలపాలి, స్టీరింగ్‌ని ఊరికే అటూ ఇటూ కొడితే మార్కులు కోయాలి.

ఇంకో విషయం. సిమ్యులేటర్ రోడ్డు ఎప్పుడూ నీట్‌గా ఉంటుంది. అసలు రోడ్డు మీద టైర్ జారుతుంది, సెన్సర్ తప్పు చెబుతుంది, బరువు మారుతుంది. టెస్టుల్లోనే వీటిని కొంచెం కొంచెం మారుస్తూ ఉంటే, అన్నిటినీ తట్టుకునే సెట్టింగ్ మిగులుతుంది.

ట్రై చేయాలనుకుంటే పైథాన్, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా కారు రూల్ తప్పకుండానే నన్ను ఎలా మోసం చేయగలదు?