వాసన పీల్చే మత్తు: మీ పిల్లలను కాపాడుకోండి

మత్తు పదార్థాలు అనగానే మనకు సారా, గంజాయి గుర్తుకు వస్తాయి. కాని పాతబస్తీలో పాత సామాను ఏరే పిల్లలకు, చిన్న వర్క్‌షాపులలో పనిచేసే పిల్లలకు సులభంగా దొరికేవి వైట్‌నర్, పంక్చరు సొల్యూషన్, పెయింటు థిన్నర్. వీటిని జేబురుమాలుపై వేసుకునో, ప్లాస్టిక్ కవరులో పోసుకునో పీలుస్తారు.

ఈ అలవాటు ఎంతమందికి ఉంది?

2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వే ప్రకారం మన దేశంలో 10 నుండి 17 ఏళ్ళ పిల్లలలో 1.17 శాతం మంది ఇలాంటివి పీలుస్తున్నారు. పెద్దలలో ఇది 0.58 శాతమే. పెద్దలకన్నా పిల్లలలో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. సీసాలలో వైట్‌నర్ అమ్మకాన్ని కేంద్రం 2012లో నిషేధించింది. అయినా సొల్యూషన్, థిన్నర్ మామూలు దుకాణాలలో దొరుకుతూనే ఉన్నాయి.

శరీరంలో ఏమి జరుగుతుంది?

వీటిలో చాలావాటిలో టోలుయిన్ వంటి రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల ద్వారా క్షణాలలో మెదడుకు చేరుతాయి. మత్తు కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. అందుకే బిడ్డ మళ్ళీ మళ్ళీ పీలుస్తాడు. పోనుపోను జ్ఞాపకశక్తి తగ్గుతుంది, నడక తడబడుతుంది, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గుండెకు. మత్తులో ఉన్నవారు భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినప్పుడే ఇలా జరగవచ్చు.

ఎలా గుర్తించాలి?

బట్టలకు, నోటికి పెయింటు వాసన, మూతి చుట్టూ పుండ్లు, ఎర్రబడిన కళ్ళు, ముద్దమాట, ఆకలి లేకపోవడం, ఊరికే కోపం.

పీలుస్తుండగా చూస్తే ఏమి చేయాలి?

• అరవకండి, కొట్టకండి, వెంటపడకండి. మీ కోపమే ఆ క్షణంలో ప్రాణాపాయం కావచ్చు.
• నెమ్మదిగా గుడ్డను తీసివేసి, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. దగ్గరలో పొయ్యి, అగ్గిపుల్ల వెలిగించకండి.
• స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.
• మత్తు పూర్తిగా దిగిన తరువాత, మరునాడు, ప్రేమతో మాట్లాడండి.

చికిత్స ఉందా?

ఉంది. దీనికి విరుగుడు మందు లేదు గాని, కౌన్సెలింగ్, కుటుంబం తోడు, తిరిగి బడికో పనికో వెళ్ళే అవకాశం కలిస్తే పిల్లలు కోలుకుంటారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వ్యసన చికిత్స గలదు. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

గంజాయి కూడా అలవాటై ఉంటే కేసు పెడతారని భయపడి దాచకండి. తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తిచేసుకునే వ్యసనపరునికి, కొద్ది పరిమాణం కేసులలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షను రక్షణ ఇస్తున్నది.

ఒకసారి మానిన బిడ్డ మళ్ళీ మొదలుపెడితే నిరాశ పడకండి. అది జబ్బులో భాగమే. మళ్ళీ డాక్టరు వద్దకు తీసుకురండి.