వలస కథలో కనిపించని పాత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాల వలస కథల్లో ఒక మూస స్థిరపడింది. పత్తీ మిరపా పండించిన తండ్రి పొలం అమ్మి కొడుకుని చదివిస్తాడు. కొడుకు సింగపూర్ వెళ్లి డబ్బు మనిషవుతాడు. ముసలివాళ్లు ఊళ్లో ఒంటరిగా మిగులుతారు. అటువంటి కథ నొకదాన్ని నేనూ మెచ్చుకున్నాను. అక్కడ బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నా పాత విద్యార్థి అది చదివి అడిగాడు: "మాస్టారూ, అమ్మానాన్నల్ని దగ్గరుంచుకోవడానికి నా జీతం చాలదని ఆ రచయితకు తెలుసా?"

ఆ ప్రశ్న నా విమర్శకూ తగిలింది. సింగపూర్‌లో నిపుణుల ఉద్యోగ అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. సంస్థ మారితే మళ్లీ అనుమతి కావాలి. 2023 సెప్టెంబరు నుంచి కొత్త దరఖాస్తులకు జీతం, చదువు, సంస్థలో ఏ దేశస్థులెందరు, స్థానికులెందరు అన్నవి చూసి పాయింట్లు వేస్తున్నారు; సాధారణంగా 40 రావాలి. భార్యాబిడ్డలను వెంట ఉంచుకోవాలంటే నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి. తల్లిదండ్రులకైతే 12,000.

గుంటూరు యార్డులో రంగూ తేమా చూసి మిరపకు ధర కడతారు. అక్కడ శ్రమశక్తికీ అంతే. తన సరుకు ధర తాను చెప్పలేని తండ్రీ, తన శ్రమ విలువ తాను చెప్పలేని కొడుకూ ఒకే కథలోని మనుషులు.

మనసు మారినవాళ్లు లేరనను. కాని నియమాన్ని వదిలి స్వభావాన్నే నిందిస్తే అది నీతికథ అవుతుంది గాని వాస్తవిక కథ కాదు. వలస కథ రాయబోయే మిత్రులు ముందు ఆ అనుమతి పత్రాన్ని చదవాలి. మెచ్చుకోబోయే విమర్శకులు కూడా.