రోమములు కత్తిరించు యంత్రమునకు కత్తులు



మొండికత్తి మన గడ్డమునకు తగిలినచో వెంటనే "అబ్బా!" యందుము, మంగలి కత్తి మార్చును. గుఱ్ఱమునకు ఆ భాగ్యము లేదు. అది తల విదల్చును, కాలు త్రొక్కును. మనము దానిని పొగరుబోతని తలచి కళ్లెము బిగింతుము. ఒకమారు బాధపడిన పశువు మఱునాటినుండి ఆ యంత్రపు చప్పుడు వినినంతనే బెదరును. కావున నేడు పశువుల రోమములను కత్తిరించు క్లిప్పరు యంత్రముయొక్క కత్తులనుగూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

అసలు రోమములను తీయుట యెందులకు? చలిదేశములందు గుఱ్ఱమునకు శీతకాలమున రోమములు దట్టముగ పెరుగును. పనిచేసి చెమర్చినపుడు ఆ తడి త్వరగ ఆఱదు. తడిసిన మేనికి చలి పట్టును. పాడిపశువు పొదుగుమీద రోమములు పెరిగినచో పేడయు మట్టియు వానికంటుకొని పాలలోనికి దిగును. గాయమునకు కట్టు కట్టుటకును, పేలు పట్టిన గేదెకు మందు పూయుటకును రోమములు తీయవలసి వచ్చును. గొఱ్ఱె విషయమున నన్ననో, ఉన్నియే పంట.

ఈ యంత్రమునకు కత్తులు రెండు. అడుగునది దువ్వెనవలె పండ్లు గలది. అది తాను కదలక చర్మముపై సాగుచుండును. దానిపై నుండునది కోతకత్తి. అది యిటునటు వేగముగ నాడుచుండును. దువ్వెన పండ్ల నడుమ దూఱిన రోమము, కత్తెర రెక్కల నడుమ గుడ్డవలె, ఆ రెంటి అంచుల నడుమ తెగును. కావున రెండు పలకలును ఒకదానినొకటి సమముగ ఒరసికొనుచుండవలెను. నడుమ రవంత సందు కలిగినను రోమము తెగక మడిగి, అందిఱికి, మొదలంట లాగబడును. పశువు గంతులు వేయుట యందుచేతనే. పదునెంత ముఖ్యమో సమత్వమును అంత ముఖ్యము.

కత్తులు కొనునపుడు, చర్మముపై ఎంత రోమము మిగులవలెనో ముందు నిశ్చయించుకొనుడు. అది దువ్వెన మందమునుబట్టి యుండును. సన్నరకము సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే మిగుల్చును. శస్త్రచికిత్సకును, గాయము కుట్టుటకును అది తగినది. మధ్యరకము 2 లేక 3 మిల్లీమీటర్లు మిగుల్చును. సామాన్యమైన పనులకు ఇదియే మేలు. ముదుకరకము 5 మిల్లీమీటర్లకు పైగా విడుచును. చలికోర్వలేని పశువునకును, మిగుల దట్టమైన రోమములకును అది యుచితము. ఎంత సన్నముగ కోసిన అంత గొప్ప యను భ్రమ కూడదు. ఎండలో తిరుగు పశువునకు చర్మము బయటపడుట హాని.

గుఱ్ఱపు కత్తులు గొఱ్ఱెకు పనికిరావు. గుఱ్ఱపు దువ్వెనకు పండ్లు ముప్పదికి పైగా నుండును. గొఱ్ఱె ఉన్ని జిడ్డుగలది, ముడుతలు పడునది. దట్టమైన పండ్లలోనికి అది దూఱదు. కనుక గొఱ్ఱె దువ్వెనకు దూరదూరముగ పది పదుమూడు పొడవైన పండ్లును, దాని కోతకత్తికి సాధారణముగ నాలుగు మొనలును ఉండును. ఆస్ట్రేలియాలో డార్లింగు నదీతీరమునందలి డన్‌లప్ క్షేత్రమున 1888లో మందనంతయు ఫ్రెడరిక్ ఉల్స్‌లీ యంత్రములతో కత్తిరించిరి. ఆ దేశముననే 1983లో, రెండున్నర అంగుళములకంటె వెడల్పైన దువ్వెన వాడవచ్చునా కూడదా యను వివాదముపై కార్మికులు సమ్మెచేసిరి. దువ్వెన యెంత చిన్నదైనను దానిపై నాధారపడిన బ్రతుకులు చిన్నవి కావు.

మన తెలంగాణమున కురుమలు దక్కనీ గొఱ్ఱెలను ఏటికి రెండుమారులు చేతికత్తెరతో కత్తిరించి, ఆ ఉన్నిని గొంగళ్లకు వాడుట వాడుక. నెల్లూరు జాతి గొఱ్ఱెకు ఉన్ని లేదు గనుక ఆ పనియు లేదు. చేతికత్తెరయైనను యంత్రమైనను న్యాయమొక్కటియే: మొండిదైనచో ఒకచోటనే రెండుమారులు కోయవలసి వచ్చును, అట్లు రాలిన పొట్టి తునకలు వడకుటకు పనికిరావు.

ఇక సంరక్షణ. కత్తులకు మొదటి శత్రువు ఇసుక. పశువును ముందు బ్రష్షుతో శుభ్రముగ రుద్ది, కడిగినచో పూర్తిగ ఆఱనిచ్చి, పిదప యంత్రము పట్టవలెను. మట్టి పట్టిన యొక్క పశువు క్రొత్త కత్తుల పదును నొక్కదినముననే చెఱుపగలదు. రెండవది బిగింపు. తయారుచేసినవారి సూచనను అనుసరించి మొదట వదులుగనే ఉంచి, రోమము తెగుటకు చాలునంత మాత్రమే కొంచెము కొంచెముగ మర బిగింపవలెను. అతిగ బిగించినచో కత్తులు వేడెక్కి త్వరగ అరుగును. మఱీ వదులైనచో రోమము నడుమ చిక్కుకొనును.

మూడవది నూనె. అయిదు పది నిమిషముల కొకసారి యంత్రము నాపి, పండ్లలోని రోమములను బ్రష్షుతో దులిపి, యంత్రములకు వేయు పలుచని నూనె కొన్ని చుక్కలు వేయుడు. వంటనూనె పనికిరాదు, అది జిగురుగ మాఱి కత్తులను పట్టివేయును. నూనె వేయునపుడెల్ల కత్తిని మీ మణికట్టు లోపలివైపు తాకించి చూడుడు. మీకు చుఱుక్కుమన్నచో పశువునకును చుఱుక్కుమనును, చల్లారువఱకు ఆగుడు.

పదును తగ్గినచో, బిగింపు పెంచి పని గడపరాదు. రెండు కత్తులను జంటగనే సానకు పంపుడు. ఒక జంటలోని దువ్వెనకు వేఱొక జంటలోని కోతకత్తిని కూర్చరాదు. ఇంటిలోని సానరాతిపై రుద్దినచో సమత్వము పోవును. చదునైన సానచక్రము గలవారే ఈ పని చేయవలెను. పన్ను విఱిగిన దువ్వెనను మాత్రము నిర్దాక్షిణ్యముగ పారవేయుడు. అది చర్మమును చీల్చును. ఆ చీలికపై ఈగ వ్రాలినచో పురుగులు పడును, ధనుర్వాతమును రావచ్చును.

తామర సోకిన పశువునకు వాడిన కత్తిని శుద్ధిచేయక వేఱొకదానికి వాడినచో ఆ రోగము దానికిని అంటును, మనుష్యులకును అంటును. గొఱ్ఱెలలో గడ్డలు గలవానిని కడపటనే కత్తిరింపవలెను. గడ్డ చిట్లి చీము అంటిన కత్తి మందకెల్ల రోగము పంచును. పని ముగిసిన వెంటనే కత్తులను విడదీసి, శుభ్రపరచి, క్రిమినాశక ద్రవముతో తుడిచి, ఆఱిన పిదప నూనె పూసి, పొడిగుడ్డలో చుట్టి దాచుడు.

ఈ జాగ్రత్తలకు పట్టు కాలము స్వల్పము. కత్తి చెడినచో క్రొత్తది కొనవచ్చును. బెదరిన పశువును మరల మచ్చిక చేయుటకు మాసములు పట్టును.